సిమ్యులేషన్‌లో పట్టుచీర పట్టుచీరలా పడాలంటే ఏం చేయాలి?

బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో బట్ట ఎలా పడుతుందో, ఎలా కదులుతుందో లెక్కగట్టి చూపించే సిమ్యులేషన్ ఉంటుంది. అందులో బట్టకి ఐదు ప్రీసెట్లు, అంటే ముందే అమర్చిన సెట్టింగులు, ఉంటాయి: కాటన్, డెనిమ్, లెదర్, రబ్బర్, సిల్క్. పట్టుచీర కట్టుకున్న పాత్రకి మనం ఏది నొక్కుతాం? సిల్కే. నేనూ అదే నొక్కాను. ప్లే కొట్టగానే చీర ఒంటికి అతుక్కుపోయి, తడిసిన టిష్యూ కాగితంలా వేలాడింది. ఆ సిల్క్ మహా అయితే మెడలో వేసుకునే స్కార్ఫుకి సరిపోతుంది. మన పట్టుచీరకి జరీ ఉంటుంది, మడత పెడితే గీత నిలబడుతుంది, నడుస్తుంటే గరగరమంటుంది.

ఆ రాత్రి కంగారులో ఆరు సెట్టింగులు ఒకేసారి కదిపాను. పొద్దున మాదాపూర్‌లో మీటింగ్. క్లయింట్ రెండు సెకన్లు చూసి, "చీరేంటండీ, ఆటో సీటు రెక్సిన్‌లా ఉంది?" అన్నారు. నిజంగానే అలా ఉంది. ఏది మార్చడం వల్ల అలా అయిందో నాకే తెలియదు కాబట్టి వెనక్కి వెళ్ళే దారి కూడా లేదు.

అప్పట్నుంచి స్క్రీన్ మీద అంకెలు కదిపే ముందు అసలు బట్టని చేత్తో కొలుస్తున్నాను. ఒక సాయంత్రం పని, అంతే. ఇక్కడ బ్లెండర్ పేర్లు వాడతాను. మాయాలో ఎన్‌క్లాత్, హుడినీలో వెల్లమ్, మార్వెలస్ డిజైనర్ ఏది వాడినా బటన్ల పేర్లు మారతాయి కానీ పద్ధతి ఇదే.

ముందు గుడ్డముక్క తెచ్చుకోండి

సికింద్రాబాద్ జనరల్ బజార్‌కో, పత్తర్‌గట్టీకో, కోఠీ సుల్తాన్ బజార్‌కో వెళ్ళి కట్ పీసులు అడగండి. మల్ కాటన్, జార్జెట్, రా సిల్క్, ఈ మూడూ తలా అర మీటరు ఉంటే చాలు. "అర మీటరుకి కోయం భయ్యా, మీటరు తీస్కో" అంటారు. మీటరే తీసుకోండి, వృథా పోదు. పట్టుచీర కావాలంటే చీరని కోయాల్సిన పనిలేదు. చీరతోపాటు వచ్చిన జాకెట్టు ముక్క కుట్టించకుండా బీరువాలో పడి ఉంటుంది కదా, అదే బట్ట. అడిగి తీసుకోండి. అడగకుండా కత్తెర పెడితే ఆ తర్వాత జరిగేదానికి నా బాధ్యత లేదు.

వంటింటి డిజిటల్ కాటా మీద ముక్కని తూచండి. పొడవు, వెడల్పు మీటర్లలో గుణించి, గ్రాముల బరువుని దాంతో భాగించండి. వచ్చేదే జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములు అని. ఉదాహరణకి ఐదున్నర మీటర్ల పొడవు, 1.15 మీటర్ల వెడల్పు ఉన్న కాటన్ చీర 500 గ్రాములు తూగితే, సుమారు 80 జీఎస్ఎం. అదే కొలతలో పట్టుచీర 750 గ్రాములుంటే 120 దగ్గరికి వస్తుంది. 280 గ్రాముల షిఫాన్ చీర 45 లోపే ఉంటుంది.

బరువు అంకె గురించి ఒక నిజం

బ్లెండర్‌లో వర్టెక్స్ మాస్ మామూలుగా 0.3 కిలోలు ఉంటుంది. అది మొత్తం చీర బరువు కాదు, ఒక్కో వర్టెక్స్ బరువు, అంటే చీరని గళ్ళుగా గీస్తే గీతలు కలిసే ఒక్కో బిందువు బరువు. సెంటీమీటరుకో గీత చొప్పున గ్రిడ్ వేస్తే ఆ కాటన్ చీరలో సుమారు 64,000 వర్టెక్సులు ఉంటాయి. 0.3తో గుణించండి. మన అర కిలో చీర 19 టన్నులు తూగుతుంది!

ఇది చూసి కొందరు అసలు బరువుని వర్టెక్సులతో భాగించి 0.0000078 అని టైపు చేస్తారు. అలా చేయకండి. మిగతా అంకెలన్నీ, అంటే టెన్షన్ (సాగకుండా ఆపే బలం) 15, బెండింగ్ (వంగకుండా నిలిపే బలం) 0.5 లాంటివి, ఆ 0.3 పక్కన పనిచేసేలా పెట్టినవి. బరువు ఒక్కటీ నేలమట్టం చేస్తే బట్ట రేకులా బిగుసుకుపోతుంది. ఇక్కడ పనికొచ్చేది నిష్పత్తి. 80 జీఎస్ఎం కాటన్‌కి 0.3 అనుకుంటే, 120 పట్టుకి 0.45, 45 షిఫాన్‌కి 0.17. సిల్క్ ప్రీసెట్‌లో బరువు 0.15 అని ఉంటుంది. అది పట్టు కాదని, షిఫాన్‌కి చుట్టమని అక్కడే తెలిసిపోతోంది.

గ్రిడ్ మారిస్తే బరువూ మారాలి. గళ్ళు సగానికి తగ్గిస్తే, అంటే సెంటీమీటరు నుంచి అర సెంటీమీటరుకి తెస్తే, వర్టెక్సులు నాలుగింతలవుతాయి. కాబట్టి 0.3ని 0.075 చేయాలి. చాలామంది "లో పాలీలో (గళ్ళు తక్కువున్నప్పుడు) బాగుంది, హై పాలీలో (గళ్ళు ఎక్కువున్నప్పుడు) సాగిపోయింది" అని తలపట్టుకునేది ఇది మర్చిపోయే.

సెట్టింగుల జోలికి వెళ్ళకముందే సరిచూడాల్సినవి

మెష్‌ని, అంటే ఆ గళ్ళ వలని, ఎస్ కీతో పెద్దది చేసి వదిలేసి ఉంటారు. కంట్రోల్ ఏ నొక్కి స్కేల్ అప్లై చేయండి. గళ్ళు చతురస్రాలుగా, సమానంగా ఉండాలి. గళ్ళని ఇంకా చిన్నవి చేసే సబ్‌డివిజన్ మాడిఫయర్, మాడిఫయర్ల జాబితాలో క్లాత్‌కి కింద ఉండాలి, పైన కాదు. సీన్ అసలు కొలతల్లోనే ఉండాలి, మనిషి ఐదున్నర అడుగులుంటే ఐదున్నర అడుగులే. పదింతలు పెద్ద మనిషికి చీర కడితే అది నీళ్ళలో ఉన్నట్టు మెల్లగా పడుతుంది. ఎందుకంటే ఎత్తు పదింతలైతే కింద పడే సమయం మూడింతలకి పైగా పెరుగుతుంది.

క్వాలిటీ స్టెప్స్ మొదటే తేల్చేసుకోండి. డిఫాల్ట్ 5. చీరకి నేను 10 నుంచి 12 పెడతాను. దీన్ని చివర్లో రెండర్ (తుది చిత్రం) కోసం పెంచుదాంలే అనుకోవద్దు. అది ఫొటో క్వాలిటీ లాంటిది కాదు. ఒక్కో ఫ్రేములో లెక్కని ఎన్ని ముక్కలుగా చేయాలో చెప్పే అంకె అది. మారిస్తే బట్ట గుణమే మారుతుంది. 1998లో బరాఫ్, విట్కిన్ అనే ఇద్దరు కాలాన్ని పెద్ద పెద్ద ముక్కలుగా తీసుకున్నా బట్ట పేలిపోకుండా లెక్కగట్టే పద్ధతి చూపించాక ఈ రంగం ఒక దారిలో పడింది. ఆ తరహా లెక్కలో ఒక్కో ముక్క పెద్దదయ్యేకొద్దీ కదలిక దానంతటదే కొంత చచ్చిపోతుంది. అందుకే స్టెప్స్ పెంచితే బట్ట హఠాత్తుగా హుషారుగా ఊగడం మొదలుపెడుతుంది.

మొదటి పరీక్ష: బల్ల అంచు మీద పట్టీ

అసలు పని ఇక్కడుంది. బట్ట ఎంత తేలిగ్గా వంగుతుందో కొలవడానికి 1930లో పియర్స్ అనే టెక్స్‌టైల్ శాస్త్రవేత్త ఒక పరీక్ష వివరించాడు. ఇవాళ్టికీ బట్టల ల్యాబుల్లో ఇదే వాడుతున్నారు. ఇంట్లో చేయడానికి ఒక అట్టముక్క, ఒక స్కేలు చాలు.

బట్టలోంచి 2.5 సెం.మీ. వెడల్పు, 20 సెం.మీ. పొడవున్న పట్టీ కోయండి. అట్టముక్క మీద ఒక మూల నుంచి 10 సెం.మీ. ముందుకి, అక్కడ్నుంచి 8.8 సెం.మీ. కిందికి కొలిచి, మూలనీ ఆ బిందువునీ కలుపుతూ ఏటవాలు గీత గీయండి. ఆ గీత దాదాపు 41.5 డిగ్రీల కోణం. ఈ పరీక్షకి వాడే కోణం అదే. అట్టని బల్ల పక్కన నిలబెట్టి, గీత మొదలయ్యే మూలని బల్ల అంచుకి సమంగా ఆనించండి. ఇప్పుడు పట్టీని బల్ల మీద పరిచి, పైన స్కేలు పెట్టి, రెండూ కలిపి మెల్లగా ముందుకి జరపండి. పట్టీ కొస వంగుతూ వంగుతూ ఏటవాలు గీతని తాకిన క్షణంలో ఆపి, ఎంత పొడవు బయటికి వచ్చిందో చూడండి. ఫ్యాన్ ఆపడం మర్చిపోకండి. మొదటిసారి నేను ఫ్యాన్ కింద కూర్చుని పావుగంట ఈ బట్టకి నిలకడ లేదని తిట్టుకున్నాను.

నా మల్ ముక్క 4 సెం.మీ.కే గీతని తాకింది. అదే ముక్కకి గంజిపెట్టి, ఆరేసి, మళ్ళీ చూస్తే 9 వచ్చింది. బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. పొడవు రెండింతలకి కాస్త పైన పెరిగింది, అంతేగా అనిపిస్తుంది. కానీ వంగకుండా నిలిచే బలం ఆ పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 9ని 4తో భాగిస్తే 2.25, దాని ఘనం పదకొండు పైచిలుకు. అంటే గంజి పెట్టిన మల్‌కి బెండింగ్ అంకె పదకొండింతలు కావాలి. ఇస్త్రీ చేసిన చీర, ఉతికి కట్టిన చీర తెరమీద ఎందుకు ఒకేలా ఉంటాయో ఇప్పుడు అర్థమైందా? మనం 0.5ని 0.7 చేసి, "పెంచానుగా" అనుకుంటాం.

ఇక బ్లెండర్‌లోకి రండి. అసలు చీరకి వాడబోయే గళ్ళ సైజులోనే ఒక పట్టీ చేయండి. బల్ల మీద ఉండే భాగాన్ని కదలకుండా పట్టి ఉంచే పిన్ గ్రూపులో వేసి, మీరు కొలిచినంత పొడవే వదిలేయండి. మల్ అయితే 4 సెం.మీ. బరువు నిష్పత్తి ప్రకారం పెట్టండి. పక్క నుంచి చూస్తూ వంద ఫ్రేములు నడిపి, ఊగడం ఆగాక కొస ఎక్కడ ఆగిందో చూడండి. గీత కన్నా కిందికి దిగితే బెండింగ్ రెట్టింపు చేయండి, పైనే ఆగితే సగం చేయండి. నాలుగైదు సార్లలో దొరుకుతుంది. ఈ అంకెని కాగితం మీద రాసుకోండి. తర్వాతి బట్టలకి వెతుకులాట తగ్గుతుంది: పాత బెండింగ్‌ని బరువుల నిష్పత్తితోనూ, పొడవుల నిష్పత్తి ఘనంతోనూ గుణిస్తే కొత్త బట్టకి మొదటి అంచనా వచ్చేస్తుంది. ఆ తర్వాత చిన్న సర్దుబాటే.

పడుగు దిశలో ఒక పట్టీ, పేక దిశలో ఒక పట్టీ కోసి చూస్తే రెండూ ఒకేలా రావు. మార్వెలస్ డిజైనర్‌లో పడుగుకి వేరు, పేకకి వేరు అంకెలు ఇవ్వొచ్చు. బ్లెండర్‌లో ఆ వీలు లేదు, సగటు తీసుకోండి.

రెండో పరీక్ష: డబ్బా మీద గుండ్రటి ముక్క

పట్టీ ఒక వైపుకే వంగుతుంది. చీర అలా ఊరుకోదు, అన్ని వైపులా వంగి మడతలు పడుతుంది. దానికి ఇంకో గుణం కావాలి. జేబురుమాలుని నిలువుగా లాగండి, సాగదు. అడ్డంగా లాగండి, సాగదు. మూల నుంచి మూలకి లాగండి, సాగుతుంది. మా గల్లీ టైలర్ దీన్ని ఒక్క ముక్కలో చెప్తాడు: "క్రాస్‌ల కోస్తే గుడ్డ మాట వింటది సార్." క్రాస్ కట్ జాకెట్టు ఒంటికి పట్టేది అందుకే. బ్లెండర్‌లో ఈ గుణం పేరు షియర్.

30 సెం.మీ. వ్యాసం ఉన్న గుండ్రటి ముక్క కోసి, సుమారు 18 సెం.మీ. వ్యాసం ఉన్న డబ్బా మూత మీద మధ్యలో వేయండి. ల్యాబుల్లో డ్రేప్ పరీక్షకి ఈ కొలతలే వాడతారు. చుట్టూ మడతలు పడతాయి. ఎన్నో లెక్కపెట్టి, నిట్టనిలువుగా పైనుంచి ఫోన్‌తో ఫొటో తీయండి. మెత్తటి బట్టకి సన్నటి మడతలు ఎక్కువ, బిరుసు బట్టకి వెడల్పైనవి తక్కువ.

బ్లెండర్‌లో ఇదే చేయండి కానీ గుండ్రటి ముక్కని సర్కిల్‌తో చేయకండి. మధ్యలోంచి సైకిల్ చువ్వల్లా గీతలు బయల్దేరే మెష్ అయితే మడతలు ఆ చువ్వల వెంటే పడతాయి, బట్ట వెంట కాదు. చతురస్రపు గ్రిడ్ తీసుకుని బయటి గళ్ళు చెరిపేసి గుండ్రంగా చేసుకోండి. అంచు కాస్త రంపంలా ఉంటుంది, పరవాలేదు. పరీక్ష ముక్కే కదా.

మడతలు ఫొటోలో కన్నా తక్కువ వస్తే ముందు షియర్ తగ్గించండి. డిఫాల్ట్ 5 నుంచి 2కి, 1కి. బెండింగ్ ముట్టుకోకండి, దాన్ని పట్టీ పరీక్షలో తేల్చేశాం. మరీ ఎక్కువ మడతలొచ్చి గుడ్డ డబ్బాకి అతుక్కుపోతే షియర్ పెంచండి.

టెన్షన్ గురించి టెన్షన్ అక్కర్లేదు. నేత బట్ట సాగదు. చీర కిందికి వేలాడినప్పుడు సొంత బరువుకే సాగిపోతుంటే టెన్షన్ 15 నుంచి 30, 40 చేయండి, కంప్రెషన్ (నొక్కుకుపోకుండా ఆపే బలం) కూడా అంతే పెట్టండి. ఇంకా సాగితే అంకె పెంచుకుంటూ పోకుండా క్వాలిటీ స్టెప్స్ చూడండి. అప్పుడు బెండింగ్ మళ్ళీ ఒకసారి సరిచూడాలి. విసుగే, కానీ తప్పదు.

కదిలినప్పుడు

నిలబడి ఉన్న బట్ట కుదిరింది, ఇక ఊగే బట్ట. ముక్కని రెండు మూలలా పట్టుకుని ఒక్కసారి దులిపి వదలండి, ఫోన్‌లో స్లో మోషన్ తీయండి. ఎన్ని ఊపుల్లో ఆగిందో చూసి డ్యాంపింగ్ సరిచేయండి. డ్యాంపింగ్ ఎక్కువైతే బట్ట పాకంలో ముంచినట్టు కదులుతుంది. తక్కువైతే ఆగకుండా వణుకుతుంది. ఎయిర్ విస్కాసిటీ గాలి మందం. డిఫాల్ట్ 1. షిఫాన్ చున్నీ గాల్లో తేలాలంటే 3, 4 దాకా వెళ్ళొచ్చు, పట్టుకి 1 చాలు.

ఇప్పుడు చీర

గద్వాల్ చీర తీసుకుందాం, ఎందుకంటే ప్రీసెట్లు చేతులెత్తేసేది సరిగ్గా ఇక్కడే. ఒళ్ళంతా కాటన్, అంచూ కొంగూ పట్టు, పైన జరీ. ఒకే చీరలో రెండు బట్టలు. క్లాత్ సెట్టింగుల్లో ప్రాపర్టీ వెయిట్స్ అనే భాగం తెరవండి. అంచుకీ కొంగుకీ ఒక వర్టెక్స్ గ్రూప్ వేసి, దాన్ని బెండింగ్ గ్రూపుగా ఇవ్వండి. పైన మామూలు బెండింగ్‌లో కాటన్ అంకె, గ్రూప్ కింద మ్యాక్స్ బెండింగ్‌లో జరీ అంచు అంకె. రెండూ మీ పట్టీ పరీక్షల్లో వచ్చినవే. అంచు దగ్గర వెయిట్ (బరువు కాదు, గ్రూప్ అంకె ఎంత మేర పనిచేయాలో చెప్పేది) ఒక్కసారిగా 0 నుంచి 1కి దూకకుండా ఒకటి రెండు గళ్ళ మేర జారుగా పెయింట్ చేయండి. బరువుకి మాత్రం ఇలాంటి గ్రూప్ లేదు. కాబట్టి చీర మొత్తానికి సగటు జీఎస్ఎం వాడండి. అంచు బిరుసుగా నిలబడితే కంటికి బరువుగానే కనిపిస్తుంది.

కుచ్చిళ్ళని సిమ్యులేషన్‌తో పెట్టించాలని చూడకండి. నేను మూడు రోజులు పోగొట్టుకున్నాను. ముందే మడతలుగా మోడల్ చేసి, పొరకీ పొరకీ మధ్య కాస్త సందు ఉంచండి. సెల్ఫ్ కొలిజన్ (చీర పొరలు ఒకదాంట్లోంచి ఒకటి దూసుకుపోకుండా ఆపేది) దూరం 3 మిల్లీమీటర్లు పెడితే సందు అంతకన్నా ఎక్కువే ఉండాలి, లేకపోతే మొదటి ఫ్రేములోనే కుచ్చిళ్ళు పటాసుల్లా పేలతాయి. పిన్ గ్రూపు ఎక్కడ వేయాలి? ఇంట్లో పిన్నీసు ఎక్కడ పెడతారో అక్కడే: భుజం మీద పైటకి, నడుం దగ్గర కుచ్చిళ్ళు దోపిన చోట, చుట్టూ లంగా బొందులో దోపిన అంచుకి. అంతకు మించి పిన్ చేస్తే చీర రంగేసిన ఒళ్ళులా కనిపిస్తుంది.

చీర ఒంటి నుంచి వేలెడు దూరంలో తేలుతోందా? బాడీ మెష్‌లో కొలిజన్ థిక్‌నెస్ ఔటర్ చూడండి. డిఫాల్ట్ 0.02, అంటే రెండు సెంటీమీటర్లు. చీరకున్న 0.015 దూరం దానికి తోడవుతుంది. రెండింటినీ 0.003 దగ్గరికి తగ్గించండి. అలా తగ్గించాక చెయ్యి వేగంగా ఊపినప్పుడు మోచెయ్యి పైటలోంచి బయటికొస్తే, దూరం మళ్ళీ పెంచకుండా కొలిజన్ క్వాలిటీని 2 నుంచి 4, 5కి పెంచండి. ఫ్రిక్షన్ కూడా బాడీ కొలిజన్ సెట్టింగుల్లోనే ఉంటుంది. డిఫాల్ట్ 5. పట్టు భుజం మీంచి జారాలంటే 2, కాటన్ అతుక్కుని ఉండాలంటే 10.

పాత్ర నడక మొదటి ఫ్రేములోనే మొదలైతే చీర కుదుటపడేలోపే లాక్కుపోతుంది. నడకకి ముందు 40, 50 ఫ్రేములు పాత్రని ఊరికే నిలబెట్టి ఉంచండి. తర్వాత ఆ భాగం రెండర్‌లోకి రానివ్వకండి. సెట్టింగు మార్చిన ప్రతిసారీ టైమ్‌లైన్‌ని మొదటి ఫ్రేముకి తెచ్చి ప్లే కొట్టండి, మధ్యలోంచి చూస్తే పాత క్యాషే (దాచి ఉంచిన పాత లెక్క) కనిపించి మోసం చేస్తుంది. బేక్, అంటే తేలిన లెక్కని దాచేయడం, అన్నిటికన్నా చివర.

కుదిరిన అంకెల్ని ప్రీసెట్ పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కి పేరుపెట్టి దాచుకోండి. పేరులో గళ్ళ సైజు కూడా రాయండి: "గద్వాల్, 1 సెం.మీ., స్టెప్స్ 12" అని. నేను దీనికి తోడు ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకున్నాను. పేజీకో గుడ్డముక్క స్టాపిల్ చేసి, పక్కన జీఎస్ఎం, పట్టీ పొడవు, మడతల లెక్క, కింద బ్లెండర్ అంకెలు. ఇప్పుడు క్లయింట్ ఎవరైనా వస్తే ఆ నోట్‌బుక్కే చేతికిస్తాను. పేజీలు తిప్పుతూ వేళ్ళతో నలిపి చూసి, "ఇదండీ, ఇలా ఉండాలి" అంటారు.